మందు కలిసిన నీటికి వెలుగుతో వైద్యం

మీరు సూరత్‌లోని ఖటోదరాలో నివసిస్తున్నారనుకోండి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఆ నగరంలో మరమగ్గాల మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ అన్నకు జ్వరం వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక పూట కూలి పోతుంది. అందుచేత దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకున్నాడు. రెండు రోజులకు జ్వరం తగ్గింది. మిగిలిన మాత్రలు మోరీలో పారవేశాడు. ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు.

తప్పు ఉంది. నీటిలో చేరిన మందుకు లొంగే బాక్టీరియా చనిపోతుంది. లొంగనిది బతికి వృద్ధి చెందుతుంది. అప్పుడు ఆ మందు రోగికి కూడా పనిచేయదు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు ప్రజలను ఆదుకొన్నది టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. అటువంటి మందులు పనిచేయని రోజును ఊహించండి. 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్లనే మరణించారని అంచనా.

ఇళ్ళ నుంచి మందు కొద్దికొద్దిగా పోతుంది. కర్మాగారాల నుంచి ఒక్కచోటనే పోతుంది. 2007 నాటికి హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల నీరు ఒక శుద్ధికేంద్రానికి చేరేది. అక్కడి నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. గమనించండి, అది శుద్ధి చేసిన తరువాతి నీరు!

దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చెబుతున్నారు. తెల్ల రంగులలో వాడే టైటానియం డయాక్సైడ్ పొడిపై అతినీలలోహిత కాంతి పడితే, నీటిలో చాలా చురుకైన హైడ్రాక్సిల్ కణాలు పుడతాయి. అవి మందు అణువులను ముక్కలు చేస్తాయి. ఇలా కాంతితో పనిచేసే పదార్థమే కాంతి ఉత్ప్రేరకం. దాని రేణువులను నానోమీటర్లలోకి, అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు కొలతలోకి తగ్గిస్తే ఉపరితలం ఎంతో పెరుగుతుంది. బెల్లం గడ్డ కంటె బెల్లం పొడి త్వరగా కరగడం మీకు తెలిసినదే కదా!

అయితే చిక్కులు ఉన్నాయి. సూర్యకాంతిలో అతినీలలోహిత భాగం సుమారు 5 శాతమే. రంగునీటిలోకి, మురికినీటిలోకి కాంతి లోతుగా పోదు. పొడిని మళ్ళీ వడకట్టడం కష్టం. అణువు సగమే విరిగితే, మిగిలిన ముక్కలు కూడా హాని చేయవచ్చు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. కాంతి ఉత్ప్రేరకం శుద్ధిలో చివరి మెట్టు కావాలి, మొదటి మెట్టు కాదు. మొదటి మెట్టు కర్మాగారం గేటు దగ్గరే ఉంది. నీటిలో యాంటీబయాటిక్ ఎంత మించరాదో చెప్పే ముసాయిదాను కేంద్రప్రభుత్వం 2020లో ప్రకటించింది. 2021లో వచ్చిన తుది నిబంధనలలో ఆ పరిమితులు లేవు. పరిమితి లేనప్పుడు ఖర్చు పెట్టి కొత్త యంత్రం బిగించే యజమాని ఎవరు?

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. మీరు చేయగలిగినది కూడా ఉంది. డాక్టరు రాయనిదే యాంటీబయాటిక్ కొనకండి. రాసినన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలను మోరీలో వేయకండి. ఈ సంగతి ఈ రోజే మీ ఇంట్లో ఒకరికి చెప్పండి.