ఆ ఓడకి చెవీ నోరూ ఆవిడే!

1980ల మధ్యలో, ఆదివారం పొద్దున్నే దూరదర్శన్ ముందు కూర్చున్నవాళ్ళకి 'స్టార్ ట్రెక్' గుర్తుండే ఉంటుంది. నక్షత్రాల మధ్య తిరిగే ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, అందులో నాలుగు వందల మందికి పైగా సిబ్బంది, వారానికో కొత్త గ్రహం, కొత్త గండం. అంతా ఇంగ్లీషే. అయినా వీధిలో సగం మంది పిల్లలు మా ఇంటి చాపమీదే ఉండేవారు. ఒకళ్ళకి కెప్టెన్ కిర్క్ అంటే పిచ్చి. మా తమ్ముడికి కోసు చెవుల స్పాక్ అంటే ప్రాణం. నా కళ్ళు మాత్రం కెప్టెన్ వెనకాల, చెవికి చిన్న యంత్రం పెట్టుకుని కూర్చునే నల్లటి అమ్మాయి మీదే ఉండేవి. ఆమే లెఫ్టినెంట్ ఉహూరా.

ఆమె పని ఏమిటంటారా? వేరే ఓడలతో, గ్రహాలతో మాటలు కలపడం. ఎక్కడినుంచి ఏ కబురొచ్చినా ముందు ఆమె చెవిన పడాల్సిందే. లైను కలిసిందని ఆమె చెప్పాకే కెప్టెన్‌గారు నోరు విప్పేది! మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ కాబట్టి ఆమె యూనిఫాం ఎర్రటిదని నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు.

మా అమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గడప దగ్గర నిలబడి చూసేది. "ఆ చెవిలో గొట్టం పెట్టుకున్న పిల్ల ఎవరే? మగాళ్ళంతా కంగారుపడుతుంటే తనొక్కతే ఎంత నిదానంగా ఉందో చూడు!" అనేది. ఉహూరా అంటే నోరు తిరగక 'ఊరమ్మ' అని పేరు పెట్టేసింది.

ఆ మరుసటేడే నాకు టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. షిఫ్టు డ్యూటీ. ఒక్కోరోజు ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. నాన్న ససేమిరా అన్నారు. "పెళ్ళికావలసిన పిల్ల, ఆ వేళప్పుడు ఇంటికొస్తే నలుగురూ ఏమనుకుంటారు? అయినా హలో హలో అనడం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్నారు. నాన్నకి ఎన్నడూ ఎదురుచెప్పని అమ్మ ఆ రోజు మజ్జిగ వడ్డిస్తూ, "ఆదివారం మీరూ చూస్తున్నారుగా! ఊరమ్మ లేకపోతే ఆ ఓడకి చెవీ లేదు, నోరూ లేదు. మన పిల్ల చేసేదీ అదే పనిగా!" అంది. నాన్న మాట్లాడలేదు. మూడోరోజున సైకిల్ తుడిచి, "రాత్రి షిఫ్టు ఉన్నరోజు నేనొచ్చి తీసుకొస్తాలే" అన్నారు.

ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ కూడా ఒక దశలో ఆ ఉద్యోగం వదిలేద్దామనుకున్నారని తెలిసినప్పుడు నాకు ఎంత ఆశ్చర్యమేసిందో! 1966లో అమెరికాలో సీరియల్ మొదలైంది. మొదటి ఏడాది పూర్తికాకముందే, ఉన్న కాసిని డైలాగులూ కోసేస్తుంటే విసిగిపోయి, నాటకరంగానికి వెళ్ళిపోతానని చెప్పేశారట. ఆ వారాంతంలోనే ఓ సభలో ఒక అభిమాని ఆమెను కలవాలన్నారు. చూస్తే ఆయన మార్టిన్ లూథర్ కింగ్! మీరు మానడానికి వీల్లేదు, మనవాళ్ళని లోకం ఎలా చూడాలో అలా చూపిస్తున్నది మీ పాత్రే అని ఆయన నచ్చజెప్పారని నికోల్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆమె ఉండిపోయారు. నల్లజాతి స్త్రీకి తెరమీద పనిమనిషి వేషం తప్ప మరొకటి దొరకడమే గగనమైన రోజులవి.

ఆ కుర్చీ ఊరికే పోలేదు. 1977లో నాసా, వ్యోమగాములుగా స్త్రీలూ నల్లజాతివారూ దరఖాస్తు చేసుకునేలా ప్రచారం చెయ్యమని ఆమెనే పిలిచింది. 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలున్నారు. అంతకుముందు నాసా వ్యోమగాముల్లో ఒక్క స్త్రీ కూడా లేదు! 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్, చిన్నప్పుడు ఉహూరాని చూసి పెరిగిన పిల్లే. నౌకలో తన షిఫ్టు మొదలైనప్పుడల్లా ఉహూరా మాటనే పలికేదట.

ఈ కథంతా చెబితే మా అమ్మాయి ఒప్పుకోదు. "అమ్మా, మూడేళ్ళలో 79 ఎపిసోడ్లు తీశారు. ఆవిడకి ఒక్కసారైనా కెప్టెన్ కుర్చీ ఇచ్చారా? ఆమాత్రానికే మీరంతా మురిసిపోయారు!" అంటుంది.

నిజమే. ఆ సీరియల్లో ఇవ్వలేదు. 1973లో బొమ్మల సీరియల్‌గా తీసినప్పుడు, మగవాళ్ళంతా ఓ గ్రహం మాయలో పడితే, అప్పుడు ఓడ పగ్గాలు ఆమె చేతికొచ్చాయి. ఇంకో సంగతి చెప్పనా? స్వాహిలీ భాషలో 'ఉహురు' అంటే స్వేచ్ఛ. అందులోంచే ఆమె ఇంటిపేరు పుట్టింది. మరి ఆమె సొంత పేరు? అది తెరమీద మొదటిసారి వినబడింది 2009 సినిమాలో. అంటే 43 ఏళ్ళకి! న్యోటా. నక్షత్రం అని అర్థం.

మా అమ్మాయి కోపం న్యాయమైనదే. కానీ ఆ మూల కుర్చీయే లేకపోతే మా నాన్నకి అమ్మ ఏం చూపించి ఉండేది? 'ఇలాంటి పని ఆడపిల్ల చెయ్యచ్చు' అనడానికి ఎదురుగా ఒక మనిషి కనబడాలి కదా! మొదట కూర్చున్న మనిషికి చిన్న కుర్చీయే దక్కింది. అది ఆమె తప్పు కాదు. ఈనాటికీ అదే కుర్చీ ఇచ్చి, చాలు సరిపెట్టుకోమంటేనే తప్పు.

2022 జులైలో నికోల్స్ 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజు నాకు మా ఎక్స్ఛేంజిలో పక్క సీట్లలో కూర్చున్న ఆడవాళ్ళంతా గుర్తొచ్చారు. చావు కబుర్లూ పెళ్ళి కబుర్లూ ఊరూరికీ కలిపినవాళ్ళం. మా గొంతులు ఊరంతటికీ తెలుసు. పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. మీరు పనిచేసే చోట కూడా అలాంటి మూల కుర్చీలో ఒకావిడ ఉండే ఉంటుంది. రేపు వెళ్ళగానే ఆవిడ పేరు అడగండి. ఆ తర్వాత, పెద్ద కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆ పేరు పైకి చెప్పండి. ఏమంటారు?