మంత్రి నుంచి మాండరిన్ వరకు

కథల్లో నాయకుడికి ఒక పేరు ఉంటుంది. ఊరూ, తల్లీ, స్నేహితులూ ఉంటారు. ప్రతినాయకుడికి చాలాసార్లు ఇవేవీ ఉండవు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' చిత్రంలో నాయకుడు తోట రాముడు. అతనికి ఎదురు నిలిచినవాడు నేపాళ మాంత్రికుడు. ఎస్.వి. రంగారావు నటనతో ఆ పాత్ర చిరస్మరణీయమైంది. కాని ఆ మాంత్రికుణ్ణి అతని తల్లి ఏ పేరుతో పిలిచిందో మనకు తెలియదు. అతని దేశం, అతని వృత్తి, ఈ రెండూ కలిసి అతని పేరయ్యాయి. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు సంగతీ అంతే. కొందరు అతణ్ణి మాయల మరాఠీ అంటారు. ఫకీరు, మరాఠీ, నేపాళుడు: దుష్టుడికి పేరు కావలసి వచ్చినప్పుడల్లా మన కథకుల చూపు పొలిమేర దాటి బయటికి పోయింది.

ఈ అలవాటు మనకొక్కరికే ఉన్నది కాదు. అమెరికా బొమ్మల కథల్లో మాండరిన్ అనే ప్రతినాయకుడు ఉన్నాడు. మార్వెల్ సంస్థ ప్రచురించిన 'టేల్స్ ఆఫ్ సస్పెన్స్' 50వ సంచికలో, 1964 ఫిబ్రవరి నాటి ప్రతిలో అతడు తొలిసారి కనిపించాడు. రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు డాన్ హెక్. ఇనుప కవచం తొడిగిన ఐరన్ మ్యాన్‌కు అతడు బద్ధశత్రువు. వేళ్లకు పది ఉంగరాలు ధరిస్తాడు. అవి గ్రహాంతర వాసుల నౌకలో దొరికినవి. అంతకంటె విశేషమేమంటే, అతడు గొప్ప మల్లవిద్యా నిపుణుడు. ఐరన్ మ్యాన్ ఉక్కు కవచాన్ని ఉత్త చేతితో కొట్టి చీల్చగలడు. ఆ దెబ్బకు రచయిత పెట్టిన పేరు కరాటే. చైనా దేశీయుడని చెప్పిన పాత్ర ఒకినావా ద్వీపంలో, జపానులో పెరిగిన విద్యను ఎందుకు ప్రదర్శించాడని అడిగే పాఠకుడు 1964లో అమెరికాలో అరుదు. తూర్పు అంటే వారికి అంతా ఒకటే. ఆ తొలి కథల్లో మాండరిన్‌కు కూడా, మన నేపాళ మాంత్రికునికి లాగానే, సొంత పేరు లేదు.

ఇంతకీ మాండరిన్ అనే మాట చైనా మాట కాదు. చైనావారు తమ అధికారిని ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. వారి మాట 'గువాన్'. మాండరిన్ అనే మాట పుట్టిల్లు మన దేశమే. అది మనం నిత్యం వాడే 'మంత్రి' శబ్దం. మంత్రమంటే ఆలోచన. ఆలోచన చెప్పేవాడు మంత్రి. భారతీయ వర్తకుల వెంట, పండితుల వెంట ఈ సంస్కృత పదం సముద్రం దాటి మలయా భాషలో చేరి 'మెంతెరి' అయింది. 1511లో పోర్చుగీసువారు మలక్కాను పట్టుకున్నారు. అక్కడ ఆ మాట వారి చెవిన పడింది. వారి భాషలో ఆజ్ఞాపించడాన్ని 'మందార్' అంటారు. విన్న మాటకు తమకు తెలిసిన మాట అంటుకొని 'మందరిం' అయింది. తర్వాత చైనా తీరం చేరినప్పుడు అక్కడి ప్రభుత్వోద్యోగులను ఆ పేరుతోనే పిలిచారు. ఆ ఉద్యోగులు మాట్లాడే భాషకూ, చివరికి ఒక రకం కమలాపండుకూ ఇంగ్లీషులో అదే పేరు స్థిరపడింది. నాలుగు భాషలు తిరిగిన తర్వాత, ఆలోచన చెప్పేవాడు అమెరికా బొమ్మల పుస్తకంలో ఉక్కును చీల్చే దుర్మార్గుడై తేలాడు.

విద్యార్థులు దీన్ని వింత వ్యుత్పత్తిగా మాత్రమే చూడరాదని నా అభిప్రాయం. మాటలు ప్రయాణం చేయడంలో తప్పు లేదు. పోర్చుగీసువారు మంత్రిని తీసుకుపోయారు, మనకు మేస్త్రిని ఇచ్చారు. మేస్త్రి పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చింది. బట్టలకు చేసే ఇస్త్రీ, తలకు చుట్టే తువ్వాలు, వంటింటి అలమర, పెరట్లో బొప్పాయి, ఇవన్నీ అదే దారిన వచ్చిన మాటలే. ఈ పేర్లను మనం ఇష్టపడి తీసుకున్నాం, వాటితో పాటు వస్తువులనూ తీసుకున్నాం. ఒక మనిషికి, ఒక జాతికి, వారిని అడగకుండా పైవారు పేరు పెట్టినప్పుడు మాత్రం పరిస్థితి వేరు.

చిల్లకూరు ప్రాంతపు విద్యార్థులకు దీని ఉదాహరణ దగ్గరలోనే ఉంది. చిల్లకూరుకు దక్షిణంగా, అదే తీరంలో దుగరాజపట్నం ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు వర్తకులు అక్కడ ఒక వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. చెన్నపట్నం ఇంకా పుట్టలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసు స్థలాన్ని సంపాదించిన తర్వాత వారు ఈ స్థావరాన్ని వదిలిపోయారు. ఆ కొద్ది కాలంలోనే ఊరికి వారు ఆర్మగాన్ అని పేరు పెట్టారు. తమకు సహాయపడిన ఆరుముగం ముదలి అనే పెద్దమనిషి పేరు మీద అలా పిలిచారని చెప్తారు. ఆరు ముఖాల కుమారస్వామి పేరు పరదేశి నోటిలో పడి అలా మారింది. నావికుల పటాల్లో ఆ పేరు ఎంతో కాలం నిలిచింది. ఇంకొంచెం దక్షిణంగా పోతే పులికాట్. పోర్చుగీసువారు, వారి తర్వాత డచ్చివారు స్థిరపడిన చోటు అది. స్థానికులకు అది పళవేర్కాడు, తెలుగువారికి ప్రళయకావేరి. ఊరి పేర్లు వంకర పోతే ఎవరికీ నొప్పి కలగదు. ఆర్మగాన్ అన్నంత మాత్రాన ఆరుముగం ముదలికి మర్యాద తగ్గలేదు, పైగా ఆయన పేరు మిగిలింది.

మనుషుల పేర్లు వంకర పోతే నొప్పి కలుగుతుంది. ఆ నొప్పి తెలుగువారికి తెలియనిది కాదు. మలయా దేశంలో మన తీరం నుంచి వెళ్లినవారిని కెలింగ్ అన్నారు. కళింగ దేశం పేరు నుంచి పుట్టిన మాట అది. మొదట అందులో చెడు ఏమీ లేదు. వర్తకునికి అది ఊరి గుర్తు మాత్రమే. కాలక్రమేణ కూలిపనికి వెళ్లినవారి మీద ఆ పేరు పడి, నేడు మలేషియాలోని భారతీయ సంతతి దాన్ని తిట్టుగా భావిస్తున్నది. బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలు అన్నారు. గోదావరి సాగర సంగమం దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కినవారు కనుక ఆ పేరు. శ్రీకాకుళం వాడైనా, విశాఖవాడైనా అక్కడ కోరంగీయే. కళింగం గొప్ప రాజ్యం, కోరంగి గొప్ప రేవు, మంత్రి గొప్ప పదవి. మూడు మాటల పుట్టుకలోనూ గౌరవమే ఉంది. వాటిని తిట్లుగా, భయాలుగా మార్చింది వాడినవారి అజ్ఞానం. మాట పుట్టుక మంచిదని చూపి దాని వాడుకను సమర్థించడం కుదరదు.

మాండరిన్ పుట్టిన 1964 ఎలాంటి కాలమో గుర్తు చేసుకోవాలి. అమెరికాకు కమ్యూనిస్టు చైనా అంటే భయం. ఆ భయానికి పొడుగు గోళ్లు, పట్టు అంగీ, ఉంగరాలు తొడిగి బొమ్మ గీశారు. అంతకు ముందే, 1913 నుంచి, సాక్స్ రోమర్ అనే ఇంగ్లీషు రచయిత నవలల్లో ఫూ మాంచూ అనే దుష్టుడు అదే వేషంతో తిరిగాడు. ఇది పరదేశపు పొరపాటే అని మనం నవ్వుకోవడానికి వీలు లేదు. 1962 చైనా యుద్ధం తర్వాత మన దేశంలో తరతరాలుగా ఉంటున్న చైనా సంతతి వారిని దాదాపు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. వారిలో చెప్పులు కుట్టి అమ్మేవారు, భోజనశాలలు నడిపేవారు, బడికి పోయే పిల్లలు ఉన్నారు. ఉంగరాల మాంత్రికుడు ఒక్కడూ లేడు.

అయితే ఇలాంటి పాత్రలను చెరిపివేయాలా? నేను అట్లా అనుకోను. మాయల ఫకీరు లేకపోతే బాలనాగమ్మ కథ లేదు. కథకు దుష్టుడు కావాలి, బలమైన దుష్టుడే కావాలి. ఆ పాత్ర సృష్టించినవాడు తనకు తెలిసిన మనిషిని దుష్టునిగా చేశాడా, తెలియని జాతిని చేశాడా అని పాఠకుడు అడగవచ్చు. మన పాత కథల్లోనే దుష్టమంత్రి అనే పాత్ర ఉంది. రాజును వంచించి రాజ్యం కాజేయబోయే మంత్రి కథలు ఎన్నో చదివాం. వాటిని చదివి ఎవరూ మంత్రులందరినీ ద్వేషించలేదు, తిమ్మరుసునూ మరిచిపోలేదు. మంచి మంత్రి కూడా మనకు తెలుసు కనుక ఆ కథలు మనకు హాని చేయలేదు. మాండరిన్‌ను చదివిన అమెరికా బాలునికి మరొక చైనా మనిషి తెలియడు.

యుద్ధవిద్యల విషయంలోనూ ఇదే జరిగింది. కరాటే మాటను ఒకప్పుడు 'చైనా చేయి' అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. 1930ల్లో దాన్ని మార్చి 'ఉత్త చేయి' అనే అర్థం వచ్చేట్టు రాయసాగారు. కుంగ్‌ఫూ అంటే చైనా భాషలో కొట్లాట కాదు, కాలం వెచ్చించి శ్రమతో సాధించిన నేర్పు. వంటలోనైనా, చిత్రలేఖనంలోనైనా ఆ నేర్పు ఉండవచ్చు. మన కర్రసాము, కత్తిసాములలోని 'సాము' శబ్దం కూడా 'శ్రమ' నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెప్తారు. రెండు దేశాల్లో రెండు విద్యలకు ఒకే ఊహ పేరైంది. బొమ్మల కథలో మాత్రం ఆ శ్రమ కనిపించదు, ఒక్క వేటుకు ఉక్కు చీలుతుంది.

తర్వాతి కాలంలో ఆ పేరును మోసినవారికే అది భారమైంది. 2013లో వచ్చిన 'ఐరన్ మ్యాన్ 3' చిత్రంలో మాండరిన్ అసలు లేడు, ఆ వేషం వేసిన ఒక తాగుబోతు నటుడు ఉన్నాడు. 2021లో 'షాంగ్ చీ' చిత్రంలో హాంగ్‌కాంగ్ నటుడు టోనీ లియుంగ్ పది ఉంగరాల నాయకునిగా నటించాడు. ఎవరో తనకు తగిలించిన ఆ పేరును అతడు భోజనం బల్ల దగ్గర ఎగతాళి చేస్తాడు. అమెరికా ఒక కమలాపండును చూసి భయపడిందని అంటాడు. అతడు దుష్టుడే, కాని భార్యను పోగొట్టుకొని దుఃఖించే దుష్టుడు. కొడుకుతో తగవు పడే తండ్రి. ఈసారి అతనికి సొంత పేరు ఉంది. ఆ పేరు వెన్‌వూ. చైనా భాషలో 'వెన్' అంటే అక్షరవిద్య, 'వూ' అంటే యుద్ధవిద్య. 13వ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో తిక్కన సోమయాజి మంత్రిగా ఉండి భారతం రాశాడు. ఆయన దాయాది ఖడ్గతిక్కన అదే రాజుకు సేనానిగా ఉండి కత్తి పట్టాడు. ఇద్దరి పేరూ తిక్కనే.