మధ్యంతర కన్సోళ్లు: పెరిగిన శక్తి, తరిగిన భరోసా

టెలివిజన్‌కు తగిలించి ఆడుకునే గేమింగ్ కన్సోళ్ల వ్యాపారం చాలాకాలంగా ఒక అలిఖిత ఒప్పందం మీద నడుస్తోంది. తయారీ సంస్థ ఒక యంత్రాన్ని విడుదల చేసి ఆరేడేళ్ల పాటు దాని సామర్థ్యాన్ని మార్చకుండా ఉంచుతుంది. గేమ్ డెవలపర్లు ఆ ఒక్క యంత్రం లోతుపాతులు గ్రహించి, ఏటికేడు దాని నుంచి మరింత పని రాబడతారు. కొనుగోలుదారు ఆ ‘తరం’ ముగిసేదాకా వచ్చే ఆటలు తన ఇంట్లోని యంత్రం మీద నడుస్తాయన్న భరోసాతో డబ్బు పెడతాడు. సోనీ 2016 నవంబరులో ప్లేస్టేషన్ 4 ప్రోను, మైక్రోసాఫ్ట్ ఆ మరుసటి నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌ను తరం మధ్యలోనే తీసుకురావడంతో ఈ ఒప్పందం సవరణకు లోనైంది. ఆ సవరణ పోటీ ఫలితాన్ని మార్చలేదు సరికదా, తక్కువ ధరకు దీర్ఘకాలం పనికివచ్చే నిలకడ అన్న కన్సోల్ ప్రధాన బలాన్నే పలచబరిచింది.

ఈ మధ్యంతర యంత్రాలకు తక్షణ కారణం 4కె టెలివిజన్లు. అంతకుముందు ప్రామాణికమైన 1080పి తెర మీద సుమారు 20.7 లక్షల చిత్రబిందువులు ఉంటే, 4కె తెర మీద దాదాపు 83 లక్షలు ఉంటాయి. అంటే ప్రతి ఫ్రేములోనూ గ్రాఫిక్స్ చిప్ నాలుగింతల బిందువులను లెక్కించాల్సి వస్తుంది. ఆ లెక్కింపు సామర్థ్యాన్ని టెరాఫ్లాప్‌లలో కొలుస్తారు. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల గణనలు. ప్లేస్టేషన్ 4కు 1.84 టెరాఫ్లాప్‌లు ఉండగా ప్రోకు 4.2 ఉన్నాయి. రెండింతలకు కాస్త మించిన ఈ పెరుగుదల నాలుగింతల పనికి చాలదు కనుక, సోనీ ఒక ఉపాయాన్ని ఆశ్రయించింది. చదరంగపు గళ్ల వరుసలో సగం బిందువులను మాత్రమే కొత్తగా లెక్కించి, మిగిలిన సగాన్ని ముందటి ఫ్రేములోని సమాచారంతో పూరించే పద్ధతి అది. మైక్రోసాఫ్ట్ మాత్రం 1.31 టెరాఫ్లాప్‌ల ఎక్స్‌బాక్స్ వన్ స్థానంలో 6 టెరాఫ్లాప్‌ల యంత్రాన్ని నిలిపి, సర్దుబాట్లు లేని అసలు 4కె తమదేనని చాటుకుంది. అందుకు చెల్లించాల్సిన ధర ప్రోకు 399 డాలర్లయితే, వన్ ఎక్స్‌కు 499 డాలర్లు.

చిత్రం స్పష్టత పెరిగినా ఆట స్వభావం మారకపోవడానికి రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది ప్రాసెసర్. రెండు సంస్థలూ గ్రాఫిక్స్ భాగాన్ని పెంచాయే గానీ, పాత్రల కదలికలను, భౌతిక నియమాలను, శత్రువుల నడవడిని లెక్కగట్టే ప్రధాన ప్రాసెసర్‌గా 2013 నాటి ‘జాగ్వార్’ వంశాన్నే, వేగం కొద్దిగా పెంచి, కొనసాగించాయి. అందువల్లనే 2017లో వచ్చిన డెస్టినీ 2 అనే ఆట ఆ రెండు ఖరీదైన యంత్రాల మీద కూడా సెకనుకు 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోయింది. రెండోది విధాన నిర్ణయం. కొత్త యంత్రం కోసం తయారైన ప్రతి ఆటా పాత యంత్రం మీద కూడా నడవాలన్న షరతును రెండు సంస్థలూ విధించాయి. అప్పటికే కోట్ల సంఖ్యలో ఉన్న పాత కొనుగోలుదారులకు న్యాయం చేసేందుకు ఈ షరతు తప్పనిసరి. అయితే అదే షరతు కొత్త శక్తిని మెరుగులు దిద్దే పనికే పరిమితం చేసింది.

ఈ పోటీలో ఎవరి సాంకేతిక ఆధిక్యమూ ఎక్కువ కాలం నిలవకపోవడానికి కారణం, రెండు సంస్థల చిప్‌లకూ ఏఎండీయే మూలం కావడం. సరఫరాదారు ఒకరే అయినప్పుడు సాంకేతిక ఆధిక్యం అంటే మరో ఏడాది ఆగడం, మరో వంద డాలర్ల ధరకు సిద్ధపడడం మాత్రమే అవుతుంది. పైగా ఆ తరం గెలుపోటములు 2013లోనే చాలావరకు తేలిపోయాయి. ఎక్స్‌బాక్స్ వన్‌కు కైనెక్ట్ కెమెరాను జతచేసి 499 డాలర్లకు అమ్మగా, ప్లేస్టేషన్ 4 వంద డాలర్లు తక్కువకే దొరికింది. చివరికి సోనీ 11.7 కోట్లకు పైగా యంత్రాలు అమ్మింది. మైక్రోసాఫ్ట్ 2015 నుంచే తన అమ్మకాల సంఖ్యను ప్రకటించడం మానుకుంది. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన కన్సోల్ అన్న బిరుదు ఆ అంతరాన్ని పూడ్చలేకపోయింది. అదే 2017 మార్చిలో నింటెండో విడుదల చేసిన స్విచ్, సామర్థ్యంలో అర టెరాఫ్లాప్‌ను కూడా అందుకోలేకపోయినా, ఇంట్లో టెలివిజన్ మీదా బయట చేతిలోనూ ఆడుకోగల సౌలభ్యంతో 15 కోట్ల అమ్మకాలను దాటింది.

మధ్యంతర మెరుగుదల కొనుగోలుదారును అయోమయంలో పడవేస్తే ఏమవుతుందో సెగా అనుభవం అంతకు రెండు దశాబ్దాల ముందే చూపింది. ఆ సంస్థ 1994 నవంబరులో తన జెనిసిస్ కన్సోల్‌కు తగిలించే 32ఎక్స్ అనే పరికరాన్ని అమెరికాలో అమ్మకానికి పెట్టి, అదే నెలలో తరువాతి తరం యంత్రమైన శాటర్న్‌ను జపాన్‌లో విడుదల చేసింది. త్వరలో పాతబడుతుందని తెలిసిన పరికరానికి ఆటలు తయారుచేసేందుకు డెవలపర్లు వెనకాడారు. నలభై ఆటలకు అటూఇటూగా అది 1996లో ముగిసిపోయింది. 2001లో సెగా కన్సోళ్ల తయారీనే విరమించుకోవడానికి కారణాలు అనేకం ఉన్నా, ఇలా సడలిన నమ్మకం వాటిలో ఒకటి.

సోనీ, మైక్రోసాఫ్ట్ ఆ తప్పు చేయలేదన్నది నిజం. మెరుగైన యంత్రం కొనాలన్న ఒత్తిడి ఎవరి మీదా లేదని, ఖర్చుకు వెనకాడని ఆటగాళ్లు తరం మధ్యలో కంప్యూటర్ల వైపు మళ్లకుండా ఆపడమే దాని ఉద్దేశమని చెప్పే వాదన సమంజసమైనదే. సోనీ గేమింగ్ విభాగానికి అప్పటి అధిపతి ఆండ్రూ హౌస్ కూడా ఇంచుమించు ఇదే కారణం చెప్పారు. అయితే ఆ వాదనను అంగీకరిస్తే, ఈ యంత్రాల లక్ష్యం కొత్తవారిని చేర్చుకోవడం కాదని, ఉన్నవారిలో సంపన్నులను నిలుపుకోవడమేనని కూడా అంగీకరించాల్సి వస్తుంది.

2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో ఈ ధోరణిని మరింత స్పష్టం చేసింది. మైక్రోసాఫ్ట్ నుంచి దీటైన మధ్యంతర యంత్రం ఏదీ లేకపోయినా, సోనీ దీనికి అమెరికాలో దాదాపు 700 డాలర్ల ధర పెట్టి, డిస్క్ డ్రైవ్‌ను విడిగా కొనుక్కోమంది. తక్కువ బిందువులతో గీసిన చిత్రాన్ని కృత్రిమ మేధతో పెద్దది చేసే సదుపాయం ఇందులో చెప్పుకోదగ్గ మార్పే అయినా, ప్రాసెసర్ మాత్రం దాదాపు పాతదే. ఇందులోని వైఫై 7కు అవసరమైన 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి అనుమతి లేకపోవడంతో భారతీయ కొనుగోలుదారులకు ఆ అవకాశమే దక్కలేదు. మరోవైపు, 2000లో 299 డాలర్లకు మొదలైన ప్లేస్టేషన్ 2 ధర 2009 నాటికి 99 డాలర్లకు దిగిరాగా, 2025లో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటి ధరలూ అమెరికాలో విడుదల నాటి కంటే పెరిగాయి. చిప్‌ల తయారీ ఖర్చు మునుపటిలా తగ్గకపోవడం, సుంకాలు ఇందుకు కారణాలు; మధ్యంతర యంత్రాలే ధరలు పెంచాయనడం సబబు కాదు. కానీ తరం సగం గడిచేసరికి సామాన్యుడికి ధర తగ్గించే పాత ఆనవాయితీ పోయి, ఆ స్థానంలోకి ఉన్నవాడికి ఖరీదైన నమూనా అమ్మే కొత్త ఆనవాయితీ వచ్చిందన్నది కాదనలేని విషయం.

కన్సోల్ ధర కంప్యూటర్ ధరకు చేరువయ్యేకొద్దీ, ఒక్క ఆటల కోసమే యంత్రం ఎందుకు కొనాలన్న ప్రశ్న బలపడుతుంది. సంపన్న ఆటగాళ్లను నిలుపుకోవడానికి మొదలుపెట్టిన పోటీ మిగిలిన వారిని దూరం చేసే ప్రమాదం అక్కడే ఉంది. పాత ఆటలను కొత్త యంత్రాల మీద నడిపించడం, ప్రాథమిక నమూనాను అందుబాటు ధరలో ఉంచడం, దానికి ఆటల మద్దతును పూర్తికాలం కొనసాగించడం ఈ సంస్థలు నిజంగా పోటీపడవలసిన రంగాలు. రాబోయే తరంలో మధ్యంతర మెరుగుదల ఉన్నా లేకపోయినా, మొదటి రోజున అన్నిటికంటే చౌకైన యంత్రం కొన్న వ్యక్తికి ఆరో ఏట ఏం దక్కుతుందన్నదే వాటి విధానానికి గీటురాయి కావాలి.