శ్రీకాళహస్తిలో సర్పం భక్తుడు, దోషం కాదు

శ్రీకాళహస్తి అనే క్షేత్రనామంలో ముగ్గురు భక్తులున్నారు. ‘శ్రీ’ అనగా సాలెపురుగు, ‘కాళము’ అనగా సర్పము, ‘హస్తి’ అనగా ఏనుగు. స్వర్ణముఖీ నదీతీరాన వాయులింగరూపుడై వెలసిన పరమేశ్వరుడు ఈ మూగజీవుల పేర్లనే తన పేరుగా ధరించి వారికి ఈశ్వరుడనిపించుకొన్నాడు. ఇంతటి గౌరవం పొందిన ఆ సర్పమే నేడు అక్కడికి బయలుదేరే అనేకుల మనస్సులలో భయకారణమై కూర్చున్నది. కాళహస్తి యాత్ర ఎందుకని అడిగితే, జాతకంలో సర్పదోషమున్నదని ఎవరో చెప్పారన్న సమాధానమే తరచుగా వినవస్తుంది. భక్తుని పేరిట ప్రసిద్ధమైన క్షేత్రానికి ఆ భక్తుని జాతినే దోషంగా తలచి వెళ్ళడం కంటే విడ్డూరం వేరొకటి ఉండదు.

ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములో ప్రబంధరూపం దాల్చిన ఆ గాథను ఒకసారి నెమ్మదిగా స్మరించాలి. సాలెపురుగు తన దేహంనుండి వెలువడిన దారంతోనే స్వామికి గోపురాలు, మండపాలు అల్లింది. దీపజ్వాల తగిలి అవి దగ్ధమైతే, ఆ జ్వాలనే మ్రింగడానికి ఉరికింది. సర్పం అమూల్యమైన మణులను తెచ్చి లింగానికి అలంకరించేది. ఏనుగు నదిలో స్నానమాడి, తొండంతో జలం తెచ్చి అభిషేకించి, బిల్వదళాలతో పూజించేది. ఏనుగు కంటికి ఆ మణులు స్వామిని కప్పిన రాళ్ళు, వాటిని త్రోసివేసేది. సర్పం కంటికి ఆ దళాలు స్వామిపై పడిన చెత్త, వాటిని తొలగించేది. తన పూజను ఎవరో భగ్నం చేస్తున్నారన్న ఆగ్రహం ఇద్దరిలోనూ పెరిగింది. సర్పం తొండంలో దూరింది, ఏనుగు బాధ సహింపలేక తల మోదుకొన్నది, ఇద్దరూ ప్రాణాలు విడిచారు. శివుడు ఇద్దరినీ తనలో కలుపుకొన్నాడు. ఎవరి పూజావిధానం సరియైనదని ఆయన విచారణ జరుపలేదు. (ఊర్ధ్వపుండ్రమా త్రిపుండ్రమా అని నేటికీ కలహించేవారు ఈ ఘట్టాన్ని చదవకుండా దాటవేస్తారేమో!)

ఈ ముగ్గురిలో ఒక్కరైనా గ్రహశాంతి కోరారా? వివాహం కాలేదని, ఉద్యోగం రాలేదని, సంతానం కలుగలేదని స్వామిని అడిగారా? సాలెపురుగు కోల్పోయినది తన గూడును కాదు, స్వామికి కట్టిన గుడిని. అందుకే దాని దుఃఖం పూజ అయినది. సర్పంలో విషమున్నది, కోపమున్నది. అయినా అది మహాదేవునికి దూరం కాలేదు. లింగం పైభాగాన పడగ ఆకృతి, క్రింద సాలెపురుగు, నడుమ ఏనుగు దంతాలు గోచరిస్తాయని క్షేత్రసంప్రదాయం చెబుతుంది. స్వామి శిరస్సున నిలుపుకొన్నదానిని దోషమని పిలిచే అధికారం ఎవరికి ఎవరిచ్చారు?

నాలుగవ భక్తుడు కన్నప్ప. ఉడుమూరు బోయపల్లెలో పుట్టిన తిన్నడు. 12వ శతాబ్దంలో చేక్కిళార్ పెరియపురాణంలోనూ, పిదప పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోనూ ఆ వేటగాని కథ చెప్పారు. ఆదిశంకరుల పేరిట ప్రసిద్ధమైన శివానందలహరి సైతం అతని భక్తికి తలవంచింది. అతడు నిర్మాల్యాన్ని చెప్పుకాలితో తొలగించాడు, నోటితో తెచ్చిన నీటితో అభిషేకించాడు, కాల్చిన మాంసం రుచిచూచి మరీ నివేదించాడు. శాస్త్రోక్తంగా అర్చించే బ్రాహ్మణుడు ఆ దృశ్యం చూచి విలవిలలాడాడు. లింగం కంట రక్తం స్రవించగా తిన్నడు తన కన్ను పెకలించి అతికించాడు. రెండవ కన్ను కూడా స్రవించింది. తన మిగిలిన కన్ను పెకలిస్తే ఆ చోటు కనబడదని, గుర్తుకోసం పాదాన్ని స్వామి కంటిపై ఆనించాడు! అర్చకుడు సైతం మూలలింగాన్ని చేతితో తాకరాదన్న నియమం ఉన్న సన్నిధి అది. ఆ నియమం పవిత్రమైనదే. అయితే అదే లింగంపై ఒక బోయవాని పాదం నిలిచిన స్మృతిని కూడా ఆ క్షేత్రం అంతే పవిత్రంగా కాపాడుకొన్నది.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి లేస్తుంది. ఆర్తుడు కూడా భక్తుడే కదా, గీత ఏడవ అధ్యాయం నలుగురు సుకృతులలో అతనిని మొదటనే చెప్పింది కదా అని. నిజమే. బాధలో స్వామిని పిలిచేవానిని ఆక్షేపించడం పాపం. ఐతే ఆర్తుడు భగవంతుని పిలుస్తాడు. రాహుకేతు పూజ ముగించి, గర్భగుడివైపు తొందరగా ఒక చూపు విసరి, బస్సు వేళకు పరుగెత్తేవాడు ఎవరిని పిలిచినట్లు? అతనికి ఈశ్వరుడు ఉపద్రవనివారణకు ఒక సాధనం మాత్రమే. అదే అధ్యాయంలో, కోరికలచే జ్ఞానం అపహరింపబడి అల్పఫలాలను ఆశ్రయించేవారి గురించి కూడా స్వామి చెప్పాడు. మొదటి శ్లోకాన్ని ఉదాహరించేవారు ఆ తరువాతివాటిని ఎందుకు మరచిపోతారు?

రెండవ వాదం శాస్త్రం పేరిట వస్తుంది. నేడు ఇంటింటా భయపెడుతున్న ‘కాలసర్పదోషం’ అనే పేరు వరాహమిహిరుని బృహజ్జాతకంలో కానరాదు. అందులో సర్పయోగమని ఒకటున్నది. అది రాహుకేతువులను బట్టి ఏర్పడేది కాదు. గ్రహణం భూచ్ఛాయవలన, చంద్రుని అడ్డుపాటువలన కలుగుతుందని ఆర్యభటుడు 499 నాటికే చెప్పాడు. గ్రహణవేళ ఇతర దేవాలయాలు తలుపులు మూస్తే శ్రీకాళహస్తి మూయదు. రాహుకేతువులకు వెరవని సన్నిధి అని ఆ తెరచిన ద్వారమే చెబుతున్నది. ఆ ద్వారం గుండా లోపలికి భయాన్ని మోసుకొని వెళ్ళడం ఏమి విజ్ఞత?

భయం ఎంత సులభంగా అంటుకొంటుందో 2010 మే 26న లోకం చూచింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో నిర్మింపజేసిన ఏడంతస్తుల రాజగోపురం ఆ సాయంకాలం కుప్పకూలింది. పగుళ్ళు అంతకు మునుపే కనిపించాయి. ఐనా, దేశానికి అరిష్టమని, పాలకులకు కీడని పుకార్లు క్షణాలలో వ్యాపించాయి. ఐదు శతాబ్దాల కట్టడాన్ని కాపాడుకోలేకపోయిన అలసత్వాన్ని గురించి దుఃఖించవలసినవారు శకునాలు లెక్కించుకొన్నారు. సాలెపురుగు గోపురం కాలినప్పుడు అది శకునం చూడలేదు. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. కాలపు దీపజ్వాల దానికీ తగలక మానదు.

కాళహస్తి దర్శనం తరువాత మరొక గుడికి పోరాదు, నేరుగా ఇల్లు చేరాలి, లేకుంటే వదిలిన దోషం వెంటవస్తుందని మరొక నమ్మకం ప్రచారంలో ఉన్నది. శివసన్నిధి నుండి మరొక దైవసన్నిధికి నడిచేవానిని ఏ దోషం ఎలా అంటుతుందో దానిని చెప్పేవారెవరూ వివరించరు. ఆలయానికి ఆనుకొని ఉన్న కొండమీద కన్నప్పకు గుడి ఉన్నది. ఈ భయం పుణ్యమా అని ఆ మెట్లు ఎక్కకుండానే వెనుదిరిగేవారున్నారు. స్వామికి రెండు కన్నులూ ఇవ్వబోయినవాడు ఆ కొండపైన, అతని వైపు కన్నెత్తి చూడకుండా ఇల్లు చేరాలన్న తొందర ఈ కొండ క్రింద.