హెచ్చరించినవాడే నేరస్థుడా?

గంభీరావుపేట రైతు తన భూమి వివరములు చూచుకొనుటకో, గల్ఫునుండి కుమారుడు పంపిన సొమ్ము చేరినదో లేదో తెలిసికొనుటకో ఫోను తెఱచును. ఒక్కొక్కమారు తెరపై ఎఱ్ఱని హెచ్చరిక నిలుచును: ఈ వెబ్‌సైటు క్షేమకరము కాదు, ఇందు మీ సొంత సమాచారము పరుల చేత బడవచ్చును, అని. పలుమారు అది ఆంగ్లముననే యుండును. ఆయన ప్రక్కనున్న చదువుకొన్న పిల్లవాని నడుగును. "ఏం గాదు పెద్దబాపు, ముంగటికి నొక్కు" అని వాడనును. ఆయన నొక్కును.

ఈ "ఏం గాదు" అను మాటయే నేడు దేశమున రాజ్యమేలుచున్నది. ఆ హెచ్చరిక వ్రాసినవాడెవడు? ఏ కొలతతో వ్రాసెను? అది నిజమైనచో ఆ వెబ్‌సైటు యజమానిని శిక్షించువారెవరు? అబద్ధమైనచో ఆ యజమాని మొఱ వినువారెవరు? ఈ నాలుగు ప్రశ్నలలో ఒక్కదానికైనను సామాన్యునకు తెలియు భాషలో సమాధానము లేదు. సమాధానము లేనిచోట బలవంతునిదే తీర్పగుట లోకమున కెల్లరకు తెలిసినదే గదా!

మొదట ఒక విషయము విశదపఱుపవలసి యున్నది. హెచ్చరికలన్నియు ఒక్క జాతివి కావు. వెబ్‌సైటు తాను తానేయని నిరూపించుకొను ధ్రువపత్రము చెల్లనిచో బ్రౌజరు ఒక విధముగా అడ్డుపడును. మోసగాండ్ర చిరునామాల పట్టికలో ఆ సైటు పేరున్నచో మఱియొక విధముగా అడ్డుపడును. పాఠకుడు ఏయే పుటలు చూచెనో, ఎంతసేపు చూచెనో కనిపెట్టి ప్రకటనల వర్తకులకు చేరవేయు కుకీలును, కోడులును ఉన్నచో, స్పైవేరును పట్టు సాధనములు వానికి "గోప్యతకు ముప్పు" అని ముద్ర వేయును. తాళము లేని తలుపు, దొంగ యిల్లు, కిటికీనుండి తొంగిచూచు పొరుగువాడు — ఈ మూడును వేఱువేఱు నేరములు. కాని తెరపై మూడింటికిని ఇంచుమించుగా ఒకటే భయము, ఒకటే రంగు. యజమానులకు ఇది మంచి సాకైనది. "మాది దొంగ యిల్లు కాదు, మాపై అపనింద వేసినారు" అని మూడవ నేరము చేసినవాడు కేకలు వేయుచున్నాడు. తొంగిచూచుట మాత్రము మానడు. మన తెలుగు వార్తాపత్రికల వెబ్‌సైటులు సయితము ప్రకటనల కొఱకు ఇట్టి కోడులను మోయుచున్నవని చెప్పక తప్పదు. పరుల కన్నులోని నలుసును గూర్చి వ్రాయుటకు పత్రికలవారము ఎప్పుడును సిద్ధమే!

ఈ తగవు అమెరికాలో ఇరువది సంవత్సరములకు పైగా న్యాయస్థానములలో నలుగుచున్నది. తమ సరకును స్పైవేరు పట్టికలో చేర్చినారని న్యూ.నెట్ అను సంస్థ లావాసాఫ్ట్‌పై దావా వేసి 2004లో ఓడినది. జాంగో అను ప్రకటనల సంస్థ కాస్పర్‌స్కీపై పోరాడి 2009లో ఓడినది. వాడుకరి రక్షణకై సద్బుద్ధితో అడ్డగించినవానికి చట్టము అండగా నుండునని అచటి అప్పీలు న్యాయస్థానము చెప్పెను. అయితే మాల్‌వేర్‌బైట్స్ అను కావలి సంస్థ తన పోటీదారుడైన ఎనిగ్మా సరకునే ముప్పని చూపినప్పుడు అదే న్యాయస్థానము 2019లో వేఱు మాట చెప్పినది: పోటీదారుని దెబ్బతీయుటకై వేసిన ముద్రకు ఆ రక్షణ వర్తింపదు. 2023లో ఇంకొక అడుగు వేసి, ఒక సరకును "హానికరము" అనియు "ముప్పు" అనియు పిలుచుట కేవలము అభిప్రాయము కాదు, నిజానిజములు తేల్చదగిన మాట, అనెను. మా దృష్టిలో ఇది న్యాయము. దొంగ అని పిలుచువాడు దొంగతనమును చూపవలెను.

ఇక మన యింటి ముచ్చట.

2017 మే నెలలో బెంగుళూరి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీవారు ఒక నివేదిక ప్రకటించిరి. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులలో సుమారు 13 కోట్ల ఆధారు సంఖ్యలు ఎవరైనను చూచునట్లు పడియున్నవని అందలి సారము. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువి: ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఒకటి చంద్రన్న బీమాది. కూలివాని చెమటకు లెక్క వ్రాసిన పుస్తకము అంగడిలో తెఱచి పెట్టబడినదన్నమాట. అప్పుడు ఆధారు ప్రాధికార సంస్థవారు చేసిన మొదటి పనులలో ఒకటి యేది? ఒక వెబ్‌సైటులోని సమాచారము అక్రమ ప్రవేశము లేనిదే దొరకదని చెప్పి, ఆ పని చేసినవారి వివరములు తెల్పుడని నివేదిక ప్రకటించినవారికే లేఖ వ్రాసిరి! మఱుచటి సంవత్సరము ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పదివేలకు పైబడిన లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులము, మతము బహిరంగముగా నున్నవని బయటపడినది. అదే 2018 సెప్టెంబరులో తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘము మున్నగువాని వెబ్‌సైటులలో చూడవచ్చినవారి కంప్యూటరుచేతనే రహస్యముగా క్రిప్టో నాణెములు త్రవ్వించు కోడు దాగియున్నదని గువాహటి పరిశోధకులు కనిపెట్టిరి. పన్ను కట్టవచ్చిన పౌరుని కరెంటు, కంప్యూటరు ఎవడో అజ్ఞాతునకు వెట్టిచాకిరి చేసినవి. వెట్టి అన్న మాట తెలంగాణమువారికి క్రొత్తగా నేర్పవలసిన పని లేదు.

తెలంగాణము మాత్రము తక్కువ తిన్నదా? 2020లో ధరణిలో వ్యవసాయేతర ఆస్తుల వివరములతోపాటు ఆధారు, కులము కూడ చెప్పుమని జనులను నిర్బంధించినప్పుడు, ఆ సమాచారమునకు రక్షణ యేదని హైకోర్టువారు ప్రశ్నించి నవంబరులో ఆ సేకరణను నిలుపు చేసిరి. అదే పేరును పోలిన ఇతర యాప్‌లు అంగడిలో నున్నవనియు, అసలేదో నకిలీ యేదో జను లెట్లు తెలిసికొందురనియు అడిగిరి. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చినది. పేరు మాఱినది. అసలును నకిలీనుండి వేఱుచేసి చూపు పని మాత్రము నేటికిని పౌరుని నెత్తిననే యున్నది.

నర్మాలవద్ద ఎగువ మానేరు కట్టకు బుంగ పడినదని అనుకొందము. పసులకాపరి చూచి ఊరిలోనికి పరుగెత్తివచ్చి కేకవేయును. నీరటికాడు చేయవలసినదేమి? మట్టితట్ట యెత్తి పరుగిడుటయా? లేక "నీవు కట్టమీదికి ఎవరి అనుమతితో ఎక్కితివి?" అని వానిని చావడికి ఈడ్చుటయా? మన పాలకులు రెండవ మార్గమునకు అలవాటుపడినారు. సమాచార సాంకేతిక చట్టమున అనుమతి లేక కంప్యూటరులో ప్రవేశించినవానిని 43వ సెక్షను పరిహారమునకు బాధ్యుని చేయును. దురుద్దేశ మున్నచో 66వ సెక్షను మూడేండ్ల ఖైదు వఱకు పోవును. సద్బుద్ధితో లోపము చూపినవానిని రక్షింపవలెనను వాక్యము ఒక్కటియు అందు లేదు.

ఇచట కొందఱు దేశభక్తులు లేచి, "ఈ ముద్రలు వేయునవి విదేశీ సంస్థలు, వారి మాటపై మన ప్రభుత్వ వెబ్‌సైటులను శంకించుట దాస్యబుద్ధి" అనుచున్నారు. ఈ వాదమున సగపాలు సత్యమున్నది, కావుననే ప్రమాదకరము. క్రోము, ఫైర్‌ఫాక్స్, సఫారీ అను మూడు బ్రౌజరులును గూగుల్ తయారుచేయు ఒకే పట్టికను సంప్రదించును. 2009 జనవరి 31న ఆ సంస్థ ఉద్యోగి ఒకరు పట్టికలో ఒక్క గీటు పొరపాటున చేర్చగా కొంతసేపు ప్రపంచములోని వెబ్‌సైటులన్నియు హానికరములని గూగుల్ వెదకులాటలో కనబడినవి. ఒక్క గీటునకు అంత శక్తి! సిరిసిల్ల నేతవారు చీరలమ్ముకొనుటకు పెట్టిన చిన్న వెబ్‌సైటుపై అట్టి ముద్ర పడినచో, పునర్విచారణకు మనవి చేయు దారి యున్నమాట నిజమే కాని, ఆ దారి కనుగొను లోపల పండుగ బేరము దాటిపోవును. అవాస్ట్ చేసినది ఇంతకంటె ఘోరము. మిమ్ము వెంటాడువారినుండి కాపాడెదమని చెప్పి జనుల కంప్యూటరులలో చేరి, వారు చూచిన పుటల చిట్టాను జంప్‌షాట్ అను తన శాఖద్వారా నూఱు కంపెనీలకు పైగా అమ్ముకొన్నది. 2020లో ఆ శాఖను మూసినది. 2024లో అమెరికా వాణిజ్య సంఘము ఆ సంస్థచేత ఒక కోటి అఱువదియైదు లక్షల డాలర్లు కట్టించినది. కావలివాడే కన్నము వేసినాడు.

కాని ఇందుచేత మన యింటి తలుపునకు తాళము వచ్చినదా? 2014లో మన జాతీయ ఇన్‌ఫర్మాటిక్స్ కేంద్రమునుండి గూగుల్, యాహూ చిరునామాల పేర దొంగ ధ్రువపత్రములు వెలువడినవి. తరువాత గూగుల్ మన దేశపు ధ్రువపత్రములను కొన్ని పరిమిత చిరునామాలకే చెల్లునట్లు కట్టడి చేసినది. అది పరదేశి అహంకారమా, మన అజాగ్రత్తకు వచ్చిన ఫలమా? పత్రములు వెలువడినది మన కార్యాలయమునుండి. నిజాము కాలమున గస్తీ నిశాన్ 53 పేర సభ పెట్టుటకు సయితము సర్కారు అనుమతి కావలసియుండెను. కారణము చెప్పకనే కాదనుట కూడ వారి హక్కే. కారణము చెప్పని ముద్ర పరదేశి వేసినను, స్వదేశి వేసినను మాకు సమ్మతము కాదు. ముద్రను చూచి కోపగించి, కారణమును దాచు ప్రభుత్వము అంతకంటెను సమ్మతము కాదు.

కావున మేము కోరునది ఇది. ముద్ర వేయు ప్రతి సంస్థయు, తాళము లేదా, దొంగతనమా, తొంగిచూపా అనునది స్పష్టముగా, తెలుగున, కారణముతో చెప్పవలెను. తప్పని మొఱపెట్టినవానికి ఇన్ని దినములలో సమాధానమని గడువుండవలెను. ప్రభుత్వపు ప్రతి వెబ్‌సైటు మొదటి పుటపై లోపము తెలుపుటకు ఒక చిరునామా, తెలిపినవానిపై చర్య తీసికొనమను హామీ ఉండవలెను. ప్రతి మీసేవ కేంద్రమున అసలు వెబ్‌సైటుల చిరునామాలు పెద్ద అక్షరములతో బల్లపై వ్రాయించుటకు అయ్యెడి ఖర్చు ఎంత? ఒక మంత్రిగారి సన్మానమునకు కట్టు ఫ్లెక్సీలపాటి కాదు.

చట్టమున్నది గదా యందురు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలు ఆ వెలువడిన పదునెనిమిది నెలలకు గాని అమలునకు రావు. సమాచారము బయటపడినచో నష్టపడినవానికి తెలుపవలెనని అందున్నది, మంచిదే. కాని 17వ సెక్షను క్రింద కేంద్రము కోరిన ప్రభుత్వ సంస్థను చట్టమునుండి తప్పింపవచ్చును. 15వ సెక్షను ప్రకారము పౌరుడు చేసిన ఫిర్యాదు అబద్ధమనియో, అల్పమనియో తేలినచో పదివేల రూపాయల వఱకు జరిమానా! అల్పమో కాదో తేల్చువారు ప్రభుత్వము నియమించిన బోర్డువారు. ఆంగ్లపు హెచ్చరికను చదువలేని గంభీరావుపేట రైతు, తన ఖాతా సంఖ్య అంగడిలో కనబడినదని ఫిర్యాదు చేయుటకు ముందు పదివేలు మూట గట్టుకొనవలెనా? తెలంగాణమునుండి లోక్‌సభకు పదునేడుగురు సభ్యులున్నారు. ఆ జరిమానా వాక్యమును కొట్టివేయుటకు వారిలో సవరణ బిల్లు ప్రతిపాదించువారు ఎవరో, ఎప్పుడో, పేరు పెట్టి చెప్పుదురా?