అరువు బలగంతో ఎన్నాళ్లు?

మావోయిస్టు ఉద్యమాన్ని 2026 మార్చి 31 నాటికి రూపుమాపుతామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టినప్పటి నుంచీ చర్చంతా ఎవరు లొంగిపోయారు, ఎవరు ఎన్‌కౌంటర్లో పోయారు అన్న లెక్కల చుట్టూనే తిరుగుతోంది. బస్తర్ అడవుల్లో కొన్ని కిలోమీటర్లకొకటిగా వెలిసిన కేంద్ర బలగాల క్యాంపుల సంగతి పెద్దగా ఎవరికీ పట్టడం లేదు. అవి ఎన్నాళ్లుంటాయి? అవి లేచిపోయాక ఆ ఊళ్లలో పోలీసంటే ఎవరు? సీఆర్పీఎఫ్ ఈ దేశానికి అక్కర్లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. అది లేకపోతే గడవని రోజులు ఈ దేశం చాలా చూసింది. అయితే ఆపదకు పిలవాల్సిన బలగాన్ని ఏళ్ల తరబడి ఠాణా చేయాల్సిన పనికి వాడుకోవడం ఒక అలవాటైపోయింది. ఆ అలవాటుకు మూల్యం ముందు జవాను చెల్లిస్తున్నాడు, ఆ తర్వాత ఊరి జనం చెల్లిస్తున్నారు. సొంత పోలీసును పెంచుకోవాల్సిన రాష్ట్ర ప్రభుత్వాలు మాత్రం చేతులు దులుపుకుంటున్నాయి.

ఈ అలవాటు కొత్తదేమీ కాదు, బలగం పుట్టుకలోనే ఉంది. 1939 జూలై 27న నీమచ్ కంటోన్మెంటులో క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్ పేరుతో ఇది మొదలైంది. సంస్థానాలతో వ్యవహరించేటప్పుడు వైస్రాయ్ హోదా పేరు క్రౌన్ రిప్రజెంటేటివ్. అప్పటికి సంస్థానాల్లో ప్రజా ఉద్యమాలు ఊపందుకున్నాయి. తమ జనాన్ని తాము అదుపు చేసుకోలేని రాజులకూ నవాబులకూ అరువివ్వడానికి బ్రిటిష్ వాళ్లు సిద్ధం చేసుకున్న బలగమిది. ఏ కాంగ్రెస్ ఉద్యమాన్ని అణచడానికి పుట్టిందో ఆ కాంగ్రెస్ ప్రభుత్వంలోనే సర్దార్ పటేల్ దాన్ని రద్దు చేయకుండా పేరు మార్చి, 1949 డిసెంబరు చట్టంతో కొత్త ఊపిరి పోశారు. 1950 మార్చి 19న నీమచ్‌లో తన చేతులతో పతాకం అందించారు. సంస్థానాలు అప్పుడప్పుడే కలుస్తున్న దేశంలో కేంద్రం చేతిలో ఒక పోలీసు బలగం ఉండాలని పటేల్ అనుకోవడంలో తప్పు పట్టేదేమీ లేదు. సరిహద్దులో సైన్యం లేనిచోట కూడా ఈ బలగమే నిలబడింది. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు ప్రాణాలు విడిచిన రోజునే ఏటా పోలీసు అమరవీరుల సంస్మరణ దినంగా పాటిస్తున్నాం. 1965 ఏప్రిల్ 9న కచ్ ఉప్పు ఎడారిలోని సర్దార్ పోస్టు వద్ద తమకు ఎన్నో రెట్లున్న పాకిస్తాన్ సేనను నిలువరించిందీ సీఆర్పీఎఫ్ జవాన్లే. ఆ ఏడాది డిసెంబరులో సరిహద్దుల కోసం బీఎస్ఎఫ్ విడిగా ఏర్పడింది. అప్పటి నుంచి సీఆర్పీఎఫ్ ముఖం దేశం లోపలికి తిరిగింది. రాజులకు అరువిచ్చిన బలగాన్ని ముఖ్యమంత్రులకు అరువివ్వడం అలా స్థిరపడింది.

అడిగినవాళ్లకే అరువిచ్చారా అంటే, అదీ లేదు. 1968 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మె సందర్భంగా ఈఎంఎస్ నంబూద్రిపాద్ ప్రభుత్వం కోరకుండానే ఢిల్లీ కేరళకు సీఆర్పీఎఫ్‌ను పంపింది. శాంతిభద్రతలు రాష్ట్రాల జాబితాలోని అంశమని తిరువనంతపురం, కేంద్ర ఆస్తులను కాపాడుకునే హక్కు తమదని ఢిల్లీ వాదించుకున్నాయి. ఎమర్జెన్సీలో 42వ రాజ్యాంగ సవరణ ఆ వాదనను కేంద్రం వైపు తేల్చేసింది. రాష్ట్రాల్లో కేంద్ర బలగాల మోహరింపును కేంద్ర జాబితాలో 2ఏ అంశంగా చేర్చడంతో ఆగకుండా, ఆ బలగాలపై రాష్ట్రానికి అజమాయిషీ ఉండదంటూ 257ఏ అధికరణం కూడా తెచ్చింది. జనతా హయాంలోని 44వ సవరణ 257ఏను తీసేసింది, 2ఏను అలాగే వదిలేసింది. ఫలితం, బలగాన్ని పంపే అధికారం ఎవరిదో రాజ్యాంగంలో స్పష్టంగా ఉంది. పంపాక అది ఎవరికి జవాబుదారీ అన్నది మాత్రం నేటికీ మసకగానే ఉంది.

కేంద్ర బలగాన్ని సమర్థించేవారి దగ్గర ఒక బలమైన వాదన ఉంది. దాన్ని తక్కువ చేసి చూపితే నా వాదనే తేలిపోతుంది. స్థానిక పోలీసు స్థానిక కులాలకు, మతాలకు, ఎమ్మెల్యేలకు అతుక్కుని ఉంటాడు, బయటినుంచి వచ్చినవాడికి ఆ బంధాలుండవు అంటారు వాళ్లు. నిజమే. 1987 మేలో మీరట్‌లోని హాషింపురా నుంచి ముస్లిం యువకులను లారీలో ఎక్కించుకుపోయి దాదాపు నలభై మందిని కాల్చి చంపింది ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసులు, పీఏసీ. ఆ కేసులో 16 మంది పీఏసీ సిబ్బందికి ఢిల్లీ హైకోర్టు 2018లో, అంటే 31 ఏళ్లకు, శిక్ష వేసింది. అల్లర్ల వేళ రాష్ట్ర బలగాల మీద మైనారిటీలకు నమ్మకం పోవడం కూడా 1992లో సీఆర్పీఎఫ్ నుంచే ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్ పుట్టడానికి ఒక కారణం. హైదరాబాద్ పాతబస్తీలో ఉద్రిక్తత రేగిన ప్రతిసారీ నీలిరంగు చుక్కల దుస్తుల్లో కవాతు చేసేది ఆ బలగమే. ఎన్నికల మాట సరేసరి. 2024 సార్వత్రిక ఎన్నికలకు ఎన్నికల సంఘం మూడు వేలకు పైగా కంపెనీల కేంద్ర బలగాలు కోరింది. మన రాష్ట్రాల్లో ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నా కేంద్ర బలగాలు కావాలనే అడుగుతుంది. అధికారంలోకి వచ్చాక అదే పార్టీకి రాష్ట్ర పోలీసు మీద ఎక్కడలేని నమ్మకం పుట్టుకొస్తుంది, అది వేరే సంగతి.

ఈ ఉదాహరణలన్నింటిలో ఉమ్మడి విషయం ఒకటుంది. బలగం వచ్చింది, రోజులో వారాలో ఉంది, వెళ్లిపోయింది. పరాయివాడు కావడమే అక్కడ దాని బలం. అదే బలగం ఏళ్ల తరబడి ఒకచోట మకాం వేస్తే ఆ పరాయితనమే గుదిబండ అవుతుంది. భాష రాదు, దారి తెలియదు, ఎవరు ఎవరో తెలియదు. వందేళ్ల కింద మన మన్యంలోనే ఇది జరిగింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేశాక మలబార్ స్పెషల్ పోలీసు వచ్చింది, అది చాలక అస్సాం రైఫిల్స్‌ను దించారు. అంత బలం దింపినా రెండేళ్లు పట్టింది. ముత్తదార్లకూ గిరిజనులకూ తెలిసిన కొండదారులు మలబారు నుంచి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తాయి?

2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లా తాడిమెట్ల దగ్గర జరిగింది దానికన్నా ఘోరం. సీఆర్పీఎఫ్ 62వ బెటాలియన్‌కు చెందిన దళం అడవిలో గాలింపు ముగించుకుని తిరిగి వస్తుండగా తెల్లవారుజామున మావోయిస్టులు మాటువేసి చుట్టుముట్టారు. చనిపోయిన 76 మందిలో 75 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు. మిగిలిన ఒక్కరు ఛత్తీస్‌గఢ్ పోలీసు హెడ్ కానిస్టేబుల్. విచారణ జరిపిన బీఎస్ఎఫ్ మాజీ అధిపతి ఇ.ఎన్. రామ్మోహన్ నిబంధనలు పాటించడంలో లోపాలు ఎత్తిచూపారు. నాకు మాత్రం 75కు ఒకటి అన్న ఆ నిష్పత్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ అడవిలో రాష్ట్ర పోలీసు ఉనికి ఎంతటిదో మృతుల జాబితాయే చెబుతోంది. రెండేళ్ల తర్వాత, 2012 జూన్ 28 రాత్రి, బీజాపూర్ జిల్లా సర్కేగూడలో కథ తిరగబడింది. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని ఊరివాళ్లు చెప్పారు. చీకట్లో అక్కడికి చేరిన సీఆర్పీఎఫ్, రాష్ట్ర పోలీసుల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వాళ్లలో మైనర్లూ ఉన్నారు. మృతులు మావోయిస్టులని రుజువు లేదని, బలగాలు కంగారులో కాల్పులు జరిపి ఉండొచ్చని న్యాయమూర్తి వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చేసరికి ఏడేళ్లు గడిచిపోయాయి. తాడిమెట్లలో జవాన్లు బలయ్యారు, సర్కేగూడలో జనం బలయ్యారు. రెండు చోట్లా ఉన్న లోటు ఒక్కటే: చీకట్లో ఎదుట ఉన్నది ఎవరో చెప్పగల స్థానిక ఎరుక.

ఆ ఎరుక ఉంటే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం చూపింది. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ రూపుదిద్దిన గ్రేహౌండ్స్ కేంద్రం ఇచ్చిన బలగం కాదు, రాష్ట్ర పోలీసులోంచే ఏరి కూర్చినది. తర్వాత రెండు దశాబ్దాల్లో నక్సలైట్లు తెలంగాణ, ఆంధ్ర అడవులు వదిలి ఛత్తీస్‌గఢ్, ఒడిశాలకు తరలిపోవడానికి దాని వెనకున్న సమాచార వ్యవస్థే ప్రధాన కారణమని పోలీసులూ ఒప్పుకుంటారు, మావోయిస్టులూ ఒప్పుకుంటారు. సీఆర్పీఎఫ్ తన కోబ్రా బెటాలియన్లను గ్రేహౌండ్స్‌ను చూసే తీర్చిదిద్దుకుంది. అదే గ్రేహౌండ్స్‌కు అతిపెద్ద దెబ్బ తగిలింది సొంత గడ్డ మీద కాదు, 2008 జూన్‌లో ఒడిశా మల్కన్‌గిరిలోని బలిమెల జలాశయంలో. పడవ మీద దాడిలో ముప్పై మందికి పైగా పోలీసులు చనిపోయారు. బస్తర్‌లో 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాడైన నంబాల కేశవరావు మరణించిన ఆపరేషన్‌లో ముందు నిలిచింది స్థానిక యువకులతో, లొంగిపోయినవాళ్లతో కూర్చిన జిల్లా రిజర్వ్ గార్డులు. కేంద్ర బలగాలు ఏళ్లపాటు అక్కడ ఉండి చేయలేనిది స్థానికులు ముందుకొచ్చాక జరిగింది.

ఇక్కడ పౌరహక్కుల వాదులు అడ్డు తగులుతారు, తగలాలి కూడా. గ్రేహౌండ్స్ చరిత్ర నిండా బూటకపు ఎన్‌కౌంటర్ల ఆరోపణలే ఉన్నాయి కదా, ఊరివాళ్ల చేతికి తుపాకీ ఇచ్చి ఊరివాళ్ల మీదికే పంపడాన్ని సల్వాజుడుం కేసులో 2011లో సుప్రీంకోర్టే కొట్టేసింది కదా అంటారు. రెండూ నిజమే. స్థానిక పోలీసు మంచివాడు, బయటివాడు చెడ్డవాడు అని నేను అనడం లేదు. తప్పు చేస్తే నిలదీసే దారి ఎక్కడ దగ్గరగా ఉందన్నది నా ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పౌరహక్కుల న్యాయవాదులు దశాబ్దాల పాటు రాష్ట్ర పోలీసును హైకోర్టు బోనెక్కించారు. 2009 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ కేసు నమోదు చేయాల్సిందేనని తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసినా 2014లో తానే ఎన్‌కౌంటర్లపై మార్గదర్శకాలు ఇవ్వక తప్పలేదు. కేంద్ర బలగం విషయంలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం. మానవ హక్కుల పరిరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సాయుధ బలగాలపై ఫిర్యాదు వస్తే జాతీయ మానవ హక్కుల కమిషన్ స్వయంగా విచారించలేదు, కేంద్రం నుంచి నివేదిక మాత్రమే అడగగలదు. ఆ చట్టం సాయుధ బలగాల నిర్వచనంలో సైన్యంతో పాటు కేంద్రం చేతిలోని ఇతర సాయుధ బలగాలనూ చేర్చింది. ఠాణా కానిస్టేబుల్ లాఠీ ఝళిపిస్తే విచారించగల కమిషన్, కేంద్ర జవాను తుపాకీ పేలిస్తే ఉత్తరం రాసి కూర్చోవాలి.

రాష్ట్రాలకు డబ్బు లేదు, బలగం పెంచుకోలేవు, 355 అధికరణం ప్రకారం అంతర్గత కల్లోలం నుంచి రాష్ట్రాలను కాపాడే బాధ్యత కేంద్రానిదే అన్నది రెండో అభ్యంతరం. బాధ్యత ఉంది, కాదనను. డబ్బు లేదన్న మాట మాత్రం సగమే నిజం. దేశంలో రాష్ట్ర పోలీసు శాఖల్లో మంజూరై కూడా భర్తీ కాని పోస్టులు అయిదు లక్షలకు పైమాటే. వెయ్యి మంది కానిస్టేబుళ్లను తీసుకుంటే ముప్పై ఏళ్ల జీతాలు, ఆ తర్వాత పింఛన్లు, క్వార్టర్లు, శిక్షణ. కేంద్రానికి ఒక లేఖ రాస్తే కంపెనీలే వచ్చి దిగుతాయి. ఏ ముఖ్యమంత్రికైనా ఏది సులువో చెప్పనక్కర్లేదు. పోలీసును రాజకీయ జోక్యం నుంచి తప్పించమంటూ 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాలను రాష్ట్రాలు తూతూమంత్రంగా ముగించడానికీ ఇదే కారణం. స్థానిక పోలీసు చేతగానివాడిగా మిగిలినా ఏ ప్రభుత్వమూ పడిపోదు, ఎందుకంటే అరువు బలగం ఎలాగూ ఉంది.

ఈ సులువుకు అసలు ఖర్చు జవాను ఖాతాలో పడుతోంది. బెటాలియన్ కమాండెంట్ ఒక రాష్ట్రంలో ఉంటే కంపెనీలు మరో రెండు మూడు రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. ఎన్నికల సీజన్ వస్తే శిక్షణా, సెలవులూ రద్దు. రైలు దిగి, ఏదో ఊరి హైస్కూల్లో బెంచీలు జరుపుకుని పడుకుని, పోలింగ్ ముగియగానే మళ్లీ రైలెక్కాలి. 2018 నుంచి 2022 వరకు అయిదేళ్లలో కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, అస్సాం రైఫిల్స్‌లో కలిపి 654 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 230 మంది సీఆర్పీఎఫ్ వాళ్లే. ప్రతి మరణానికీ ఇదే కారణమని అనలేం. కానీ ఇల్లు, ఊరు, నిలకడైన కమాండర్ ఏదీ లేని బతుకు మనిషిని నలిపేయదని ఎవరూ అనలేరు. కింది నుంచి ఎదిగిన అధికారులకు పై పోస్టుల్లో ఐపీఎస్ డెప్యుటేషన్ అడ్డుగా ఉందన్న దీర్ఘకాల ఫిర్యాదును 2025 మేలో సుప్రీంకోర్టు ఆలకించి, ఐజీ స్థాయి వరకు ఆ డెప్యుటేషన్లను రెండేళ్లలో క్రమంగా తగ్గించాలని చెప్పింది. మంచిదే. అయితే అధికారి ప్రమోషన్ మారినంత మాత్రాన జవాను బదిలీ ఉత్తర్వు మారదు.

కాబట్టి కేంద్ర బలగాల మోహరింపు ఏడాది దాటితే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని శాసనసభ ముందు పెట్టాలి. పక్కనే ఆ ప్రాంతపు ఠాణాల్లో ఎన్ని ఖాళీలున్నాయి, ఎప్పటికి నింపుతారు అన్న లెక్క ఉండాలి. మానవ హక్కుల చట్టం 19వ సెక్షన్ నుంచి పోలీసు పని చేసే కేంద్ర బలగాలను తప్పించాలి. సైన్యానికిచ్చే మినహాయింపు సైన్యానికే ఉండనివ్వవచ్చు. బస్తర్ క్యాంపుల్లో ఏవి ఠాణాలుగా మారతాయో, ఏవి మూతపడతాయో జిల్లాలవారీగా ప్రకటించాలి. సరిహద్దుకు ఇవతల తెలంగాణలోని చర్ల మండలంలో ఉన్న క్యాంపులకూ ఇదే వర్తిస్తుంది. స్థానికులు దొరకరు, అర్హతలుండవు అన్న సాకు ఇక చెల్లదు. సీఆర్పీఎఫ్ స్వయంగా బస్తర్ ఆదివాసీ యువతీయువకులతో 241వ బెటాలియన్‌ను నిలబెట్టింది. బీజాపూర్, దంతెవాడ, సుక్మా జిల్లాల నుంచి 400 మంది ఆదివాసీ కానిస్టేబుళ్ల కోసం 2022లో కేంద్ర మంత్రివర్గం విద్యార్హతను పదో తరగతి నుంచి ఎనిమిదికి తగ్గించింది. ఢిల్లీ నుంచి నడిచే బలగానికి ఆ పాటి సడలింపు సాధ్యమైనప్పుడు భద్రాచలం, చింతూరు, పాడేరు ఠాణాలకు కోయ, కొండరెడ్డి, బగత యువతను తీసుకోవడానికి మన రెండు రాష్ట్రాల పోలీసు నియామక బోర్డులకు అడ్డొస్తున్నదేమిటో ఆ శాఖల మంత్రులు చెప్పాలి.