ఒక్క చుట్టు తేడా

'మరమ్మతు' అనే మాట వచ్చినప్పుడల్లా క్లాసులో ఎవడో ఒక కుర్రవాడు లేచి, "అది మర నుంచి పుట్టిందాండీ?" అని అడుగుతాడు. కాదు నాయనా, అది అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన యింటికి వచ్చింది. మర మన సొంతం. రెంటికీ చుట్టరికం లేదు అని చెబుతాను. కుర్రవాడు నమ్మినట్టు కనబడడు. నిరుడు దసరాకి మా వూళ్లో జరిగిన సంగతి తలుచుకుంటే, నమ్మకపోవడంలో వాడి తప్పేమీ లేదనిపిస్తుంది.

మా పెద్దనాన్నకి ఒక ఫార్గో లారీ వుంది. ఈ కాలపు వాళ్లు ఆ పేరు విని వుండకపోవచ్చు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ వారి బండి అది. మన దేశంలో బొంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసి అమ్మేవారు. ముందుకు పొడుచుకు వచ్చిన ముట్టె, ఆ ముట్టె కింద ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే వుంటాయి. పైన హెడ్డు బల్లపరుపుగా మూత వేసినట్టు వుంటుంది. వయసులో వుండగా పెద్దనాన్న ఆ బండి మీద గుంటూరు మిరపకాయ టిక్కీలూ, దివిసీమ ధాన్యమూ తోలాడు. 1973 తర్వాత పెట్రోలు ధర చెట్టెక్కి కూర్చుంది. వచ్చిన కిరాయి పెట్రోలుకే చాలకపోయింది. అప్పుడు పాకలోకి ఎక్కించిన బండి పాకలోనే వుండిపోయింది. అమ్మమంటే అమ్మడు, తుక్కు కింద వేయమంటే వినడు.

ఇప్పుడాయనకి ఎనభై అయిదు దాటాయి. చూపు దాదాపు పోయింది. చెవులు మాత్రం శుభ్రంగా వున్నాయి. "ఒక్కసారి దాని చప్పుడు వినిపించండిరా" అన్నాడొకనాడు. అంతకంటే ఏమడిగినా మేము సాకులు చెప్పి వుండేవాళ్లం గాని, ఆ మాటకి అన్నదమ్ములం కాదనలేకపోయాం. దసరాకి ఆయుధపూజ నాడు స్టార్టు చేద్దామనుకున్నాం. విజయవాడ ఆటోనగర్లో ముసలి మేస్త్రీ ఒకాయన దొరికాడు. రెండు నెలలపాటు వారం వారం వచ్చి, బిగుసుకుపోయిన పిస్టన్లు వదిలించి, వాల్వులు నూరి, తుప్పుపట్టిన ప్రతి బోల్టునీ బుజ్జగించి బయటికి తీశాడు. దసరాకి నాలుగు రోజులుందనగా మిగిలిన పని ఒక్కటే: ఆయిలు గేజీ.

ఇంజనులో ఆయిలు పంపు ఒకటుంటుంది. అది అడుగునుంచి ఆయిలు తోడి, బ్లాకులో తొలిచిన కాలవల గుండా బేరింగులకి అందిస్తుంది. ఒత్తిడి చదరపు అంగుళానికి ముప్ఫై, నలభై పౌనుల దాకా వుంటుంది. ఆ కాలవలో నుంచి బ్లాకు పక్కకి ఒక చిన్న కన్నం పెడతారు. మేస్త్రీలు దాన్ని పోర్టు అంటారు. దానికి సన్నని గొట్టం తగిలిస్తే డ్రైవరు ముందున్న గేజీలో ముల్లు కదులుతుంది. ఇంజను కడుపులో ఏం జరుగుతున్నదో చెప్పే కన్ను అదొక్కటే.

పాత గేజీ గొట్టం విరిగిపోయి వుంది. కొత్త గేజీ, దాన్ని పోర్టుకి తగిలించే ఇత్తడి ముక్కా నేనే కొనుక్కొచ్చాను. రెండు చోట్లా ఎనిమిదోవంతు అంగుళం మరే. ఇంత చిన్నపనికి మేస్త్రీ ఎందుకులే అనుకున్నాను. వేళ్లతో తిప్పితే మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కింది. మూడో చుట్టు దగ్గర మొరాయించింది. పానా పెట్టాను. కిర్రుమంటూ తిరిగింది. బిగుస్తున్నది కాబోలునని సంతోషించాను కూడాను. అనుమానం వచ్చి వెనక్కి తిప్పి తీసేసరికి, దాంతోపాటు నల్లటి రజను రాలింది. పోర్టులో మర నున్నగా అరిగిపోయింది.

మేస్త్రీ వచ్చి నన్నేమీ అనలేదు. దువ్వెన పళ్లలాంటి సన్నని రేకుల కట్ట ఒకటి సంచిలోంచి తీశాడు. ఒక రేకు నా ఇత్తడి ముక్క మీద పెట్టాడు, సరిగ్గా కూర్చుంది. మరో రేకు పాత గొట్టం చివర పెట్టాడు, అదీ కూర్చుంది. "ఇది అంగుళానికి ఇరవైఎనిమిది చుట్లు మేష్టారూ. అది ఇరవైయేడు. మీది ఇంగ్లీషు మర, బండిది అమెరికా మర" అన్నాడు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నదేమంటే, ఇంగ్లండులో 1841లో విట్వర్త్ అనే ఆయన మరలకి ఒక కట్టుబాటు పెట్టాడు. చుట్టుకీ చుట్టుకీ మధ్య కోణం 55 డిగ్రీలు. అమెరికాలో 1864లో సెల్లర్స్ అనే ఆయన అది కొయ్యడం కష్టమని 60 డిగ్రీలు పెట్టాడు. గొట్టాల మరలు కూడా ఆ దారినే రెండుగా చీలిపోయాయి. రెండు దేశాల వారూ ఆ సైజుని ఎనిమిదోవంతు అంగుళమనే పిలుస్తారు. నిజానికి కొలిస్తే వెడల్పు ఇంచుమించు పది మిల్లీమీటర్లు వుంటుంది. ఆ పేరు మొదట గొట్టం లోపలి బెజ్జాన్ని బట్టి వచ్చింది.

ఉత్పలమాలకీ చంపకమాలకీ వున్న తేడా యింతే గదా అనిపించింది నాకు. ఒకదానికి పాదానికి ఇరవై అక్షరాలు, రెండోదానికి ఇరవైఒకటి. ఉత్పలమాలలో మొదటి గురువుని రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుంది. తక్కినదంతా ఒకటే నడక. ఆ ఒక్క అక్షరం తప్పితే నేను విద్యార్థి పద్యం కొట్టేస్తాను. ఇక్కడ ఒక్క చుట్టు తప్పినా చూసుకోకుండా నేనే పానా పట్టుకుని బయల్దేరాను!

ఇంట్లో గొడవ మొదలైంది. మా తమ్ముడు, "ఆ కన్నంలో లక్క పెట్టి మేకు బిగిద్దాం. ఒక్క అయిదు నిమిషాలు తిప్పి ఆపేద్దాం. పెద్దనాన్న వింటాడు" అన్నాడు. చెడగొట్టినవాణ్ణి నేను కనక, నాకూ ఆ మాట రుచించింది. మేస్త్రీ తల అడ్డంగా వూపాడు. ఒత్తిడికి ఆ మేకు ఎగిరిపోతే ఆయిలంతా కిందపోతుంది. ఎగిరిపోకపోయినా, ఇన్నేళ్లు పడుకున్న ఇంజనులో పంపు తోడుతున్నదో లేదో ఎలా తెలుస్తుంది? ఆయిలు అందకపోతే బేరింగులు కాలిపోవడానికి ఆ అయిదు నిమిషాలే చాలు.

మంచం మీద నుంచి పెద్దనాన్న అంతా విన్నాడు. "గేజీ లేకుండా దాన్ని నేనే ఏనాడూ తిప్పలేదు. మీరెవర్రా తిప్పడానికి? పండక్కి పూజ చెయ్యండి. చప్పుడు తర్వాత వినొచ్చు" అన్నాడు. ఆ వయసు మనిషి 'తర్వాత' అంటే, వినేవాడికి ఎలా వుంటుందో చెప్పలేను.

దసరానాడు లారీకి పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. ఇంజను పలకలేదు.

మర్నాడు మేస్త్రీ పని మొదలుపెట్టాడు. నీళ్లపంపు బోల్టుల దగ్గర చెడిన మరలకి అంతకుముందే ఆయన ఉక్కుతీగ చుట్టలు వేశాడు. కన్నం కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులోకి తీగచుట్టని ఎక్కిస్తే, దాని లోపలివైపు పాత బోల్టుకి సరిపోయే మర తయారవుతుంది. "ఇక్కడా అదే వెయ్యొచ్చుగా?" అన్నాను. "బోల్టుకి బలం కావాలి, చుట్ట సరిపోతుంది. ఇది ఆయిలు ఆపాలి. చుట్ట వెనకనుంచి ఆయిలు పాక్కుంటూ వచ్చేస్తుంది. పైగా ఇది శంకు మర" అన్నాడు. అంటే పదహారంగుళాల పొడవుకి ఒక అంగుళం చొప్పున సన్నబడుతూ పోతుంది. బిగించినకొద్దీ సీసాలో బిరడాలాగా పట్టేస్తుంది. అతిగా బిగిస్తే పోతయినుము పగులుతుంది.

అందుకని ఆయన చేసినదేమంటే, చుట్టూ ఇనుము మందం చాలినంత వుందని చూసుకుని, కన్నాన్ని పదహారింట ఏడువంతుల అంగుళానికి తొలిచాడు. దాంట్లో పావు అంగుళం అమెరికా శంకు మర, అంగుళానికి పద్ధెనిమిది చుట్లది, ట్యాపు పెట్టి కోశాడు. ట్యాపు గాళ్లలో గ్రీజు కూరాడు, రజను లోపల పడకుండా దానికే అంటుకోవడానికి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, బయటికి తీసి తుడవడం, మళ్లీ గ్రీజు. ఇలా గంటకి పైగా పట్టింది. ఆ కాలవలో మిగిలిన ఒక్క రవ్వ చాలు, బేరింగుని గీసెయ్యడానికి. ఆఖరున ప్లగ్గులు తీసేసి, ఆ కన్నం తెరిచే వుంచి, మా తమ్ముడి చేత హేండిలు తిప్పించాడు. కాసేపటికి ఆయిలు బుడుంగుమని బయటికి వచ్చింది, మిగిలిన రజనుని కడిగేస్తూ. పంపు తోడుతున్నదని కూడా అప్పుడే తెలిసింది.

తర్వాత వుక్కు బుష్షు ఒకటి బిగించాడు. దానికి బయట పావు అంగుళం మర, లోపల ఎనిమిదోవంతు మర. లోపలిది ఇరవైయేడు చుట్లే. ఈసారి రేకు పెట్టి చూసింది నేను. మొదటి రెండు చుట్లు వదిలేసి మిగతావాటికి మందు రాశాడు. తెల్ల టేపు చుడితే దాని పీలికలు ఆయిలు దారిలో అడ్డం పడతాయట.

ద్వాదశి నాడు పొద్దున్నే పెద్దనాన్నని కుర్చీతో సహా పాకలోకి తెచ్చాం. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. మేస్త్రీ సైగ చేశాడు. నాలుగైదు సార్లు దగ్గి, ఆరు సిలిండర్లూ ఒక్కసారి అందుకున్నాయి. నేను పెద్దనాన్న మొహం చూద్దామని తల తిప్పాను.

"నన్ను చూడకురా. ముల్లెక్కడుంది?" అని అరిచాడు.

"లేస్తోంది పెద్దనాన్నా. ఇరవై... ముప్ఫై... నలభై. నిలబడింది."

అప్పుడాయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఆ చప్పుడు వినడం మొదలుపెట్టాడు.

ఈ యేడాది కూడా ఏ కుర్రవాడో లేచి మర గురించి, మరమ్మతు గురించి అడుగుతాడు. చుట్టరికం లేదనే చెబుతాను. కాని చుట్లు మాత్రం లెక్కపెట్టుకో నాయనా అని కలుపుతాను.